వెళ్తూ వెళ్తూ కాళ్లు కడుక్కునే మనిషి

మొన్న రాజమండ్రిలో పశువుల మందుల షాపుకెళ్లాను, మా కుక్కకి నులిపురుగుల మందు కోసం. నా ముందున్నాయన కోళ్లకి కంట్లో వేసే చుక్కల మందు అడిగాడు. షాపాయన ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీసి, ఐసు పెట్టివ్వమంటారా అన్నాడు. అక్కర్లేదండి, బైకు మీద అరగంటలో వెళ్లిపోతానంటూ ఆయన సీసాని చొక్కా జేబులో పడేసుకున్నాడు. బయట ఏప్రిల్ ఎండ మండిపోతోంది. నాకు తెలియకుండానే నోరు లేచింది. జేబులో వేసుకెళ్తే మందు దారిలోనే చస్తుందనీ, చచ్చిన మందు కోడికి వేసి తరవాత మందుని తిట్టడం మన జాతి లక్షణమనీ, మర్యాదగా ఐసు పెట్టించుకోమనీ గట్టిగానే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీరు డాక్టరాండి అని అడిగాడు.

డాక్టర్ని కాదు, రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టార్ని. ఆ మాటలు నావి కావు, ఆ దబాయింపు అసలే నాది కాదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండిన మనిషిది. పిల్లలు మామ్మ అనేవారు, వాళ్లని చూసి నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ పోయి రెండేళ్లయింది. పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దగా తెలియవు, తెలిసినవి కూడా ఇక్కడ చెప్పను. కోళ్ల సంగతి చెబితే మనిషి సంగతి చెప్పినట్టే.

ఎత్తుగా, ఎండుగా ఉండేది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, తల వంచుకుని నేల చూస్తూ నడిచేది. కొత్తవాళ్లు అది వినయమనుకునేవారు. వినయమూ లేదు, పాడూ లేదు. కోళ్ల రెట్టలు చూసుకుంటూ నడిచేది. ఎవరింటికెళ్లినా మనిషి మొహం చూసే ముందు దొడ్లో నేల చూసేది. పచ్చగా పడి ఉంటే ఆ ఇంటి గుమ్మమెక్కేది కాదు. మనుషులు అబద్ధం చెబుతారు గానీ రెట్ట చెప్పదు మాస్టారూ అనేది. పలకరింపు కూడా అంతే. బాగున్నారా, పిల్లలు బాగున్నారా అనేవి తరవాత. ముందు, కోళ్లు మేత తింటున్నాయా అని. ఒకసారి తనిఖీకొచ్చిన ఆఫీసరు గారు అన్నం, పప్పు రుచి చూసి మెచ్చుకుంటే, ఆ మెప్పు పక్కనబెట్టి, మీ ఇంట్లో కోళ్లున్నాయా అండి అని అడిగింది. లేవన్నాడాయన. ఆ తరవాత ఆయనతో మాట్లాడ్డానికి ఆవిడకి ఏమీ మిగల్లేదు.

మా ఊళ్లో కాలవకి ఇటు పేట, అటు పెద్దవీధి. కాలవ గట్టు మీద మా బడి, బడి గోడని ఆనుకుని చర్చి. ఆవిడది పేట. పేటలో ఇంటికి అయిదో పదో నాటుకోళ్లు ఉండేవి. అవి ఆడవాళ్ల సొత్తు. పొలం కౌలుది కావచ్చు, ఇల్లు మొగుడి పేర ఉండవచ్చు, గూట్లో కోడి మాత్రం ఆడమనిషిది. పిల్లాడికి గుడ్డు పెట్టాలన్నా, పుట్టింటి నుంచి తమ్ముడొస్తే కూర వండాలన్నా ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ ఒక్క స్వతంత్రం మీద ఏటా కొక్కెర తెగులు పడేది. కోడి మేత మానేస్తుంది, రెక్కలు వాల్చి తూగుతుంది, మెడ వంకర తిరుగుతుంది, మూడోనాటికి పోతుంది. వచ్చాక మందు లేదు, రాకుండా ముందే వేయించుకోవాలి.

పేటలో అందరికీ తెలిసిన వైద్యం ఒకటే. తూగుతున్న కోడిని చచ్చేలోపల కోసెయ్యడం. కోశాక ఒక్కళ్లే తినరు కదా, అక్క ఇంటికో గిన్నె, వదిన ఇంటికో గిన్నె. ఈకలూ పేగులూ బోదె కాలవలోకి. వారం తిరిగేసరికి అక్క ఇంట్లోనూ వదిన ఇంట్లోనూ కోళ్లు తూగేవి. తెగులు తనంతట తను రాదనీ, గిన్నెలో పెట్టి మూతేసి మనమే పంపుకుంటామనీ మామ్మ మొత్తుకునేది. సొంత అక్క కూర పంపితే గిన్నె పుచ్చుకోకుండా, కోడి తూగిందా తూగలేదా, ముందది చెప్పమంది. అక్కగారు మూడు నెలలు మాట మానేసింది. ఆ మూడు నెలలూ తన కోళ్లు సుఖంగా ఉన్నాయని మామ్మ అందరికీ చెప్పుకుంది.

మండలంలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు ఆవిడకి చుక్కలు వెయ్యడం నేర్పారు. కోడిని ఎడం చంకలో ఇరికించుకుని, తల రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కంట్లో ఒక్క చుక్క. కోడి రెప్ప వేసేదాకా వదలకూడదు. కోడి రెప్ప వేసేటప్పుడు మామ్మ కూడా తన కన్ను మూసేది. ఎందుకలా అని అడిగితే, నేనా, నేనెందుకు మూస్తానండీ అని నామీదే విరుచుకుపడేది.

చిక్కల్లా సీసాతో వచ్చింది. సీసాలో వంద కోళ్లకి సరిపడా మందు. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబొయ్యాలి. ఒక్క ఇంట్లో వంద కోళ్లుండవు. ఇల్లిల్లూ తిరిగి, గూళ్లు తీయించి, ఒక్కొక్కటే పట్టి వేసేసరికి పొద్దెక్కిపోతుంది, కోళ్లు మేతకి పోతాయి. ఇదంతా ఆలోచించి నేనొక ఉపాయం చెప్పాను. చదువుకున్నవాణ్ణి కదా, ఉపాయాలు నా దగ్గర ఉండాలి. ఆదివారం తెల్లారగట్ల అందరూ కోళ్లని గంపల్లో పెట్టుకుని చర్చి ఆవరణలోకి తెస్తే గంటలో పనైపోతుందన్నాను. మామ్మకి నచ్చలేదు. కాంపౌండరు గారు ఇంటింటికీ వెళ్లే వెయ్యమన్నారు, కోళ్లని ఊరేగించమనలేదు అంది. నేను లెక్కలు వేసి వాదించాను. పలక మీద గీసి మరీ చూపించాను. సరే మాస్టారూ, మీరు చదువుకున్నారు అంది చివరికి.

ఆ ఆదివారం నిజంగా కన్నులపండువగా ఉంది. చేపల వాళ్ల దగ్గర అడిగి తెచ్చిన ఐసు థర్మాకోల్ పెట్టెలో, దాంట్లో సీసా. ఆవరణ నిండా గంపలు, గంపల నిండా కోళ్లు. నాకైతే గర్వంగా ఉంది. అందరికంటే ముందు వచ్చి కూర్చున్న మామ్మ తోడికోడలు, మందు కలపగానే తన గంప ముందు చూడమంది. దాంట్లో ఒక పెట్ట తూగుతోంది. ఆమె తప్పేం లేదు. ఆసుపత్రికి ఎవరైనా జబ్బు చేసినవాళ్లనే తీసుకెళ్తారు, మంచిగా ఉన్నవాళ్లని తీసుకెళ్లరు కదా. అలాగే ఇంకో ముగ్గురు కూడా తమ ఇంట్లో నలతగా ఉన్నవాటినే ముందు ఏరి తెచ్చారు. మామ్మ చూసేసరికే ఆ గంపలు మిగతా గంపల మధ్య గంటసేపటి నుంచి ఉన్నాయి. కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, ఒకే పళ్లెంలో నీళ్లు తాగుతున్నాయి. ఆ గంపల్ని పక్కకి తీయించి మిగతా కోళ్లకి చుక్కలు వేసింది గానీ, మందు పట్టడానికి రోజులు పడుతుంది.

పది రోజుల్లో పేటలో సగం గూళ్లు ఖాళీ అయిపోయాయి. మామ్మ గూడు పూర్తిగా ఖాళీ. తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. కాలవ గట్టున గొయ్యి తీసి, సున్నం జల్లి, ఒక్కత్తే పూడ్చింది. మందు వేసి చంపిందని పేటంతా తిట్టింది. ఆవిడ చెయ్యే అరిష్టమన్నారు. తోడికోడలు బడి గేటు దగ్గర నిలబడి అన్న మాటలు రాయలేను. నేను తరగతి గదిలో కూర్చుని విన్నాను. ఉపాయం నాదని బయటికొచ్చి చెప్పలేదు. సిగ్గుగా ఉండేది, సిగ్గుకంటే భయం ఎక్కువగా ఉండేది.

తరవాతి ఆదివారం నేను బడిలో జనాభా లెక్కల కాగితాలేవో చూసుకుంటున్నాను. చర్చి మైకు ఊరంతా వినబడుతుంది, బడి గదిలో అయితే చెవి పక్కనే. పాటలయ్యాయి, సాక్ష్యాల వేళ వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు లేచి చెప్పుకునే వేళ అది. జ్వరం తగ్గిందనీ, ఉద్యోగం వచ్చిందనీ చెబుతారు. మామ్మ గొంతు వినిపించింది.

"అందరికీ వందనాలండి. ఇది మేలు చెప్పే సాక్ష్యం కాదు. మీ కోళ్లు పోయింది నా వల్ల. మందు మంచిదే. జబ్బు కోడి పక్కన మంచి కోడిని కూర్చోబెట్టాను, అది నా తప్పు. తిట్టండి, పడతాను. కానీ మూడు నెలలు పోయాక మళ్లీ మందు తెస్తాను. ఈసారి మీరు రావద్దు, నేనే మీ గుమ్మంలోకొస్తాను. తలుపేసుకుంటే వేసుకోండి. తడతాను."

పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక వెళ్లి, ఉపాయం నాదని నేను చెప్పేస్తాను మామ్మా అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపులో జాలి లేదు, మెప్పు లేదు, చిరాకు మాత్రం ఉంది. "మీరు నోరు మూసుకోండి మాస్టారూ. తిట్లు తినడానికి నేనొక్కత్తిని చాలు. రేపు మీ మాట కూడా నమ్మరంటే పిల్లల్ని బడికెవరు పంపుతారు?" అంది. తరవాత గొంతు తగ్గించి, చెయ్యి నాది, చుక్క నేనే వేశాను అంది. బతికుండగా నన్ను చెప్పనివ్వలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఆపడానికి ఆవిడ లేదు.

మూడు నెలలూ ఆవిడ ఊరికే లేదు. వారం వారం కాంపౌండరు గారి దగ్గరికి వెళ్లి ప్రశ్నలు వేసింది. తెగులు దేని మీద ప్రయాణిస్తుందని అడిగింది. గంప మీద, చేతుల మీద, అన్నిటికంటే ఎక్కువగా మనిషి కాళ్ల మీద అన్నారాయన. అది విన్న రోజు నుంచి ఆవిడ కళ్లకి ఊళ్లో కాళ్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఒక ప్లాస్టిక్ టబ్బు సంపాదించింది. బడిలో మరుగుదొడ్లకి వాడే బ్లీచింగు పొడి నన్నడిగి రెండు గుప్పెళ్లు తీసుకుంది. ప్రతి ఇంటి ముందూ టబ్బులో కాళ్లు ముంచి లోపలికెళ్తుంది. చుక్కలు వేసి బయటికొచ్చి మళ్లీ ముంచుతుంది, తరవాతే పక్కింటికి. ఆ పొడి కలిపిన నీళ్ల బకెట్టు మొయ్యడం నా వాటా. పంతులు బకెట్టు మోస్తున్నాడని జనం నవ్వారు. నవ్వనివ్వండి, నాకది తక్కువ శిక్షే అనుకున్నాను.

తలుపులు తట్టి తెరిపించడం నాలుగిళ్లలో తప్ప ఎలాగో అయింది. కొందరు జాలిపడి తెరిచారు, కొందరు విసిగి తెరిచారు. గొడవ అంతా వెళ్లేటప్పుడు. మా ప్రాంతంలో ఒక ఇంటి నుంచి వస్తూ కాళ్లు కడుక్కున్నారంటే అది చావింటి నుంచి వచ్చినట్టు. తెల్లారే గుమ్మం ముందు ఆ పని చేస్తే ఎవరికి మండదు? మా ఇంట్లో పీనుగ లేచిందా అని ఒకామె అరిచింది. తోడికోడలైతే టబ్బుని కాలితో తన్నింది. మామ్మ టబ్బు సరిచేసి, నా బకెట్టులోంచి మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ కాళ్లు ముంచింది. నీ కోళ్లు చస్తే నీ ఇల్లు చావిల్లు, నేను కాళ్లు కడిగితే కాదు అని అప్పుడు అంది.

పేట అంతా తిరిగితే వేసింది అరవై కూడా లేవు. నలభై చుక్కలు మిగిలాయి, గంటలోపు టైముంది. పారబోసి ఇంటికి పోదామన్నాను. ఆవిడ కాలవ వంతెన వైపు నడిచింది. పెద్దవీధిలో కామందు గారింట్లోనే నలభై కోళ్లుంటాయి. ఆ ఇంటి కోళ్ల పెత్తనం కామందు గారి తల్లిది. డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే గూళ్లు స్వయంగా తీస్తుంది. మామ్మ ఒకప్పుడు వాళ్ల చేలో నాట్లు ఊడ్చిన మనిషే, వాకిలి దాటి దొడ్లోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆ రోజు గేటు దగ్గర కాళ్లు ముంచి, మందు తెచ్చానమ్మగారూ, అరగంటలో అయిపోతుంది అంది. వెనకే బకెట్టుతో ఉన్న నన్ను చూసో, కాళ్లు కడుక్కుని రావడం నచ్చో, ముసలావిడ రానిచ్చింది. పెట్టలకీ పిల్లలకీ వేయించింది. పందెం పుంజుల్ని మాత్రం కామందు ముట్టుకోనివ్వలేదు. ఈవిడ చెయ్యి తగిలి పేటలో కోళ్లు చచ్చాయట కదా అన్నాడు. మామ్మ సరేనండి అని, బయటికొచ్చి, గేటు ముందు టబ్బులో కాళ్లు ముంచింది.

కామందు అరుగు దిగొచ్చాడు. మా ఇంట్లోంచి వెళ్తూ కాళ్లు కడుక్కుంటున్నావేంటి, మేం నీకు మైలా అన్నాడు. వీధిలో నలుగురు ఆగారు. ఆ మాట వెనక ఎన్ని తరాల కథ ఉందో మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నేను బకెట్టుతో రెండడుగులు వెనక్కి వేశాను. మామ్మ వెయ్యలేదు.

"వచ్చేటప్పుడు కడుక్కుంటే మర్యాద, వెళ్లేటప్పుడు కడుక్కుంటే తప్పా అండీ? రెండూ మీ కోళ్ల కోసమే. మూడు నెలలకి మళ్లీ వస్తాను, మళ్లీ ఇక్కడే కడుక్కుంటాను. మీరు చూడలేకపోతే అటు తిరగండి" అంది.

గేటు ధడాలున మూసుకుంది. ఇంకెప్పుడూ ఈ వీధిలోకి రావద్దని లోపల్నుంచి కేక. నేను బకెట్టు పట్టుకుని ఇంచుమించు పరిగెత్తాను. ఆవిడ మామూలుగా, రోడ్డు మీద రెట్టలు చూసుకుంటూ నడిచింది.

వానలు మొదలయ్యాక పక్క ఊరి నుంచి తెగులు వచ్చింది. పేటలో చుక్కలు వేయించుకున్న ఇళ్లలో కోళ్లు నిలిచాయి. తలుపు తియ్యని నాలుగిళ్లలో పోయాయి. కామందు గారి దొడ్లో పెట్టలన్నీ నిలిచాయి, ఆయన దాచుకున్న పుంజులు వరసగా పోయాయి. ఈ కబురు నేను సంతోషంగా మోసుకెళ్తే మామ్మ నామీద కోప్పడింది. పుంజులేం పాపం చేశాయండీ, కామందు మీద కోపం ఉంటే ఆయన మీద పడండి అంది.

మూడు నెలల గడువు వచ్చింది. రావద్దన్నారు కదా, పెద్దవీధికి పోవద్దు అని నేను ఎంత చెప్పినా వినలేదు. వస్తానని చెప్పాను కదా అంది, అంతే. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. కొడతారేమో అనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే, కొట్టినా తరవాతి మూడు నెలలకి వచ్చేలాగే ఉంది.

వెళ్లేసరికి గేటు బార్లా తీసి ఉంది. కామందు గారి తల్లి అప్పటికే గూళ్ల దగ్గర ఉంది. కోళ్లని గంపల కింద మూసి, కొత్తగా తెచ్చిన రెండు పుంజుల్ని విడిగా కట్టించింది. ముసలావిడ ఒక్కొక్క కోడినీ పట్టి అందించింది, మామ్మ చుక్క వేసింది, రెప్ప పడేదాకా ఆగింది. పుంజులకి కూడా వేసింది. కామందు అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

పనయ్యాక మామ్మ గేటు దగ్గరికొచ్చింది. నేను టబ్బు పెట్టి నీళ్లు పోశాను. వీధిలో మళ్లీ నలుగురు ఆగారు. ఆవిడ రెండు కాళ్లూ ముంచి, తీసి, పక్కకి జరిగి నిలబడింది. కదల్లేదు. ఇంకా ఏమిటన్నట్టు ముసలావిడ చూసింది.

"నావి అయ్యాయి అమ్మగారూ. ఇప్పుడు మీవి. నాకంటే ముందు నించీ గూళ్లల్లో తిరిగింది మీరే."

అమ్మా అని అరుగు మీంచి కొడుకు పిలిచాడు. ముసలావిడ వెనక్కి చూడలేదు. చీర కొంచెం ఎత్తి పట్టుకుంది. తూలిపోకుండా ఒక చెయ్యి మామ్మ భుజం మీద వేసింది. నేను నీళ్లు మార్చబోతే మామ్మ నా చెయ్యి ఆపింది. ముసలావిడ ఆ టబ్బులోనే, ఆ నీళ్లలోనే ఒక కాలు పెట్టి, తరవాత రెండోది పెట్టింది. వెంటనే తియ్యబోయింది.

"ఉండండి, అప్పుడే కాదు" అంది మామ్మ. "మడమలు కూడా మునగాలి."